మా తోటికోడలూ, నేనూ, ఒక యాండ్ గేటూ

మొన్న ఆదివారం పొద్దున్న కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని ఫోను తెరిచేసరికి, మా ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో మా తోటికోడలి ఫొటో ప్రత్యక్షమైంది. విశాఖపట్నంలో ఏదో హోటల్లో పాత విద్యార్థులంతా చేరి, నెమలికంఠం రంగు పట్టుచీర కట్టుకున్న ఆవిణ్ణి నడుమ కుర్చీలో కూర్చోబెట్టి, శాలువా కప్పి, చేతిలో పళ్ళబుట్ట పెట్టి, వెనకాల బేనరు మీద ‘మాకు లాజిక్ గేట్లు నేర్పిన మేడమ్‌కు’ అని పెద్ద పెద్ద అక్షరాలతో వేయించారు. పంపించినది మా మరిది, అంటే ఆవిడ మొగుడే. దాని కింద మావారు రెండు చేతులూ జోడించిన బొమ్మ పెట్టారు. నేను ఏమీ పెట్టలేదు. ఒళ్ళు భగ్గున మండిపోయింది, పెట్టడానికి చెయ్యి ఎలా వస్తుంది? ఆ ఫొటోలో పళ్ళికిలించి నిలబడ్డవాళ్ళలో సగం మందికి గేటంటే ఏమిటో మొదట చెప్పినదాన్ని నేను. తీగ ఏ కొస పట్టుకోవాలో, ఏ కొస పట్టుకోకూడదో దగ్గరుండి నేర్పినదాన్ని నేను. శాలువా మాత్రం ఆవిడ భుజాల మీదికి వెళ్ళింది. ఒకే ఇంటికి కోడళ్ళయి, ఒకే చోట ఉద్యోగం కూడా వెలగబెట్టిన నా ఈడు ఆడవాళ్ళెవరైనా ఇది చదువుతూ ఉంటే, వాళ్ళకి ఈ మంట సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళు కాస్త ఓపిక పట్టండి, చెప్తాను.

మాది కోటబొమ్మాళి పక్క పల్లె. వరి పండించుకునే ఇల్లు. శ్రీకాకుళంలో పాలిటెక్నిక్ చదివి, ఆ పైన ఇంజనీరింగు కూడా పట్టుబట్టి పూర్తిచేసి, పెళ్ళయి విజయనగరం కాపురానికి వచ్చాక, ఊరికి దూరంగా జీడితోటల మధ్య కొత్తగా కట్టిన ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలో ఎలక్ట్రానిక్స్ లెక్చరర్‌గా చేరాను. అప్పటికి అక్కడ ల్యాబు అంటే నాలుగు గోడలూ, ఒక తాళమూను. బల్లలు వేయించింది నేను, పరికరాలకోసం ప్రిన్సిపాల్ గారి గుమ్మం ముందు నిలబడి నిలబడి సాధించింది నేను. అందుకని అది కాలేజీవాళ్ళ గదే అయినా నా మనసులో మాత్రం నా పుట్టింటివాళ్ళు నాకు పెట్టిన గదిలాగే ఉండేది.

గేటంటే వీధి గుమ్మానికి ఉండేది కాదు. రెండు స్విచ్చులూ ఒక చిన్న దీపమూ అనుకోండి. రెండు స్విచ్చులూ వేస్తేనే దీపం వెలిగితే అది యాండ్ గేటు. ఏ ఒక్కటి వేసినా వెలిగిపోతే ఆర్ గేటు. ఒకే స్విచ్చు ఉండి, వేస్తే ఆరి తీస్తే వెలిగే పెంకి ఘటం నాట్ గేటు. ఇప్పుడు మీరు చూసే ప్రతి యంత్రం లోపలా లెక్కపెట్టలేనన్ని గేట్లు ఇవే. నేను పిల్లలకి మా ఇంటి సంగతులతోనే చెప్పేదాన్ని. మా మావగారూ అత్తగారూ ఇద్దరూ సరేనంటేనే మేం సినిమాకి వెళ్ళాలి, అది యాండ్. ఇద్దర్లో ఎవరో ఒకరు కసురుకుంటే చాలు మా పిల్లలు ఏడుపు లంకించుకుంటారు, అది ఆర్. మావగారు ఔనన్న ప్రతిదాన్నీ కాదనే మా అత్తగారు స్వయంగా నాట్. క్లాసంతా గొల్లుమనేది. ఆ పైన చిల్లులు చిల్లులుగా ఉండే తెల్లటి బ్రెడ్‌బోర్డు మీద, నల్ల జెర్రిలా బారు కాళ్ళుండే ఐసీ చిప్పుని గుచ్చి, రంగురంగుల తీగలు కలిపి, దీపం వెలిగేదాకా ఎవర్నీ కదలనిచ్చేదాన్ని కాదు. ఎవడో తీగ తిరగేసి పెట్టి ఐసీని కాల్చేసేవాడు, గదంతా ఒక ఘాటు వాసన. ఆ వాసనతో సహా ఆ గదంటే నాకు ప్రాణం.

అలాంటి రోజుల్లో మా మరిదికి పెళ్ళయింది. పిల్లది అరసవల్లి పిల్ల. ఎంటెక్ చదివింది. వంట అంతంత మాత్రం, మాట మెత్తన, చూడటానికి చామనఛాయలో కళగా ఉంటుంది. ఇంతవరకూ నాకేమీ అభ్యంతరం లేదు. కాని పెళ్ళయి ఏడాదైనా తిరక్కుండానే ఆవిడ మా కాలేజీలోనే, మా డిపార్టుమెంటులోనే ఉద్యోగానికి వచ్చింది. రావడం రావడమే వీహెచ్‌డీఎల్ అనే ఒక భాషని వెంటబెట్టుకుని వచ్చింది. గేట్లని తీగలతో కట్టక్కర్లేదట, ఫలానా గేటు కావాలని ఆ భాషలో కంప్యూటరుకి రాసి చెప్తే చాలునట. రాసినదాన్ని స్విచ్చులూ దీపాలూ ఉన్న ఒక కిట్టులోకి ఎక్కిస్తే, ఆ కిట్టే మనం చెప్పిన గేటుగా మారిపోతుందట. నేను పూటంతా పిల్లల వెనక తిరిగి వెలిగించే దీపాన్ని ఆవిడ ఒకే ఒక్క వరస రాసి వెలిగించేసింది. వై అనే దీపానికి ఏ అండ్ బీ, అంతే, పక్కన ఒక బాణం గుర్తు. ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అనలేదు పెద్దలు.

ఆ కంప్యూటర్ల గదికి ఏసీ పెట్టారు. దుమ్ము పడకూడదని గుమ్మం దగ్గర చెప్పులు విప్పి వెళ్ళాలని నియమం కూడా పెట్టారు. మా కాలంవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, అప్పట్లో కంప్యూటరు గదికి గుడికి వెళ్ళినట్టే వెళ్ళేవాళ్ళం. నా ల్యాబు ఎదురుగానే ఆవిడ గది. నేను గుమ్మంలో నిలబడి చూస్తే అటు గుట్టలకొద్దీ చెప్పులు, పిల్లలు బుద్ధిగా సాక్సులతో లోపలికి పోవడం. నా ల్యాబులోకి మాత్రం బురద బూట్లతో టకటకలాడుతూ వచ్చేవాళ్ళు. ఒరే, నాదీ చదువేరా అని అరవాలనిపించేది. ఆ చెప్పుల గుట్టని చూసి నేను పడ్డ కడుపుమంట ఇంతా అంతా కాదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది అని రాయాలేమో గాని, నాకు ఇప్పటికీ నవ్వు రాదు.

ఇంటికొస్తే మా అత్తగారు. ఆవిడకి గేటూ తెలీదు, ఐసీ తెలీదు గాని చిన్నకొడుకు చెప్పిన గొప్పలన్నీ తెలుసు. “సిన్నది రాస్తే సాలు, ఆ యంత్రం దీపం ఎలిగించేస్తాదంట గదే! నువ్వేటే, ఇంకా తీగలు సుట్టుకుంటన్నావు?” అని వీధి అరుగు మీద పదిమంది వినేలా అడిగేవారు. పైగా ఆవిడే మా ఇద్దరికీ కలిపి ఒక్కటే కేరేజీ కట్టేవారు. ఒక గిన్నెలో ఇద్దరికీ అన్నం, ఒక దాన్లో ఇద్దరికీ కూర, అన్నిటికన్నా కింద గిన్నెలో పెరుగు. ఎంత మొహం మొహం చూసుకోవడం ఇష్టం లేకపోయినా మధ్యాహ్నం ఇద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చోక తప్పదు, లేకపోతే ఒకరికి అన్నమూ ఒకరికి కూరా మిగులుతాయి. నేను మూతి ముడుచుకుని వడ్డించుకుంటే, ఆవిడ ఏమీ ఎరగనట్టు అక్కా అక్కా అంటూ పెరుగు నావైపు జరిపేది.

ఇంతలో ప్రిన్సిపాల్ గారు ఒక మాట బయటపెట్టారు. రెండు ల్యాబులెందుకు, రెండూ కలిపి ఒకటే చేసేద్దాం, ఒక్కరే ఇన్‌ఛార్జి ఉంటారు, యూనివర్సిటీ నుంచి తనిఖీవాళ్ళు వచ్చి వెళ్ళాక ఎవరన్నది తేలుస్తాను అన్నారు. తేల్చడానికేముంది, కొత్త భాష వచ్చినవాళ్ళకే ఇస్తారని ప్యూనుకి కూడా తెలుసు. అంటే నేను వేయించిన బల్లల మీద, నేను పోరి తెచ్చుకున్న పరికరాల మధ్య, నేను మా తోటికోడలి కింద పనిచెయ్యాలి. ఇంట్లో పెద్దకోడల్ని, ఇక్కడ చిన్నకోడలి చేతికింద మనిషిని. దానికన్నా ఉద్యోగం మానేసి జీడిపిక్కలు వలుచుకోవడం నయం అనిపించింది. రామతీర్థం కొండెక్కి రాముడికి మొక్కుకున్నాను కూడా, ఆ గది నాకు దక్కేలా చూడు తండ్రీ అని. ఆవిడకి దక్కకుండా చూడు అని కూడా అదే ఊపిరిలో మొక్కుకున్నాను. దేవుడికి తెలియందేముంది?

మొక్కి ఊరుకోలేదు. తనిఖీవాళ్ళ ముందు గేటు కొత్త భాషలో నేనే చూపిస్తానని ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళి అడిగేశాను. ఆయన ఆశ్చర్యపోయి సరేనన్నారు. ఇక ఆ భాష నేర్చుకోవాలి. పక్కగదిలో, కాదు, పక్క మంచం మీద కూర్చుని కూరలు తరిగే మనిషికి అది కరతలామలకం, అడిగితే నేర్పదా? చచ్చినా అడగను. పుస్తకం కొనుక్కుని, ఆవిడ క్లాసులో ఉన్న సమయం చూసి, చెప్పులు విప్పి ఆ గదిలోకి దొంగలా వెళ్ళి కూర్చునేదాన్ని. ఆవిడ రాసినట్టు ఒక్క వరసలో రాస్తే సరిపోయేది. కాని ఆవిడ రాసినట్టే రాస్తే ఆవిడ దగ్గర నేర్చుకున్నట్టు అవదూ? అందుకని నా సొంత పద్ధతిలో రాశాను. రెండు స్విచ్చులూ వేసి ఉంటే దీపం వెలిగించు అని, మనిషికి చెప్పినట్టు, ఇఫ్ అనే మాట పెట్టి. చూసుకుంటే నాకే ముద్దొచ్చింది. కంప్యూటరు మాత్రం ఎక్కించిన ప్రతిసారీ కింద పసుపు రంగులో ఏదో గొణిగేది. ఎర్రగా వస్తే తప్పు, పసుపు అయితే ఫరవాలేదు అని పిల్లలు అనుకోగా విన్నాను. పసుపు శుభమే కదా అని నేనూ ఊరుకున్నాను.

కిట్టు మీద చూసుకోవడం కూడా చూసుకున్నాను. నాకు అలవాటైన వరసలోనే. గేట్లు నేర్పేవాళ్ళందరికీ ఒక పట్టిక ఉంటుంది, దాన్ని అమ్మవారి స్తోత్రంలాగా ఒకే క్రమంలో అప్పజెప్తాం. రెండూ వెయ్యకపోతే వెలగదు, ఇది వేస్తే వెలగదు, అది వేస్తే వెలగదు, రెండూ వేస్తే వెలిగింది. పట్టిక అక్కడితో సరి. దీపం వెలగ్గానే మనసు నిండిపోయి కిట్టు కరెంటు కట్టేసి లేచిపోయేదాన్ని. వెలిగినదాన్ని మళ్ళీ ఆర్పి చూడాలన్న ఆలోచన నాకు ఒక్కనాడూ రాలేదు. ఎందుకొస్తుంది? తీగలతో కట్టిన గేట్లు స్విచ్చు తీస్తే వాటంతటవే ఆరిపోయేవి.

తనిఖీ రోజు వచ్చింది. జరీ అంచు గద్వాలు చీర కట్టుకుని, తలలో కనకాంబరాలు పెట్టుకుని వెళ్ళాను. వచ్చినవాళ్ళలో పెద్దాయన ఒకరు, ముక్కు చివర కళ్ళజోడు, మాట తక్కువ. ప్రిన్సిపాల్ గారు, మా హెచ్‌వోడీ, ఇంకా నలుగురూ చుట్టూ నిలబడ్డారు. గుమ్మం పక్కన మా తోటికోడలు. నేను కంఠం సవరించుకుని పట్టిక వరసలో చూపించాను. రెండూ వెయ్యలేదు, వెలగలేదు. ఇది వేశాను, వెలగలేదు. అది వేశాను, వెలగలేదు. రెండూ వేశాను, ఎర్రటి చుక్క టక్కున వెలిగింది. ప్రిన్సిపాల్ గారి మొహం కూడా వెలిగింది. గది నాదైపోయిందనుకున్నాను.

ఆ పెద్దాయన ఊరుకోవచ్చు కదా. చెయ్యి చాపి ఒక స్విచ్చు దించారు. దీపం ఆరలేదు. రెండోదీ దించారు. ఆరలేదు. మళ్ళీ ఎత్తి, మళ్ళీ దించారు. మొండిఘటంలా వెలుగుతూనే ఉంది. కళ్ళజోడు పైనుంచి నావైపు చూసి, ఇది యాండ్ గేటేనా అమ్మా అన్నారు. కిట్టు పాడై ఉంటుందనబోయి, మానేసి, ఆ స్విచ్చుల్ని నేనూ ఒకసారి ఎత్తి దించాను.

సంగతేమిటంటే, రెండూ వేస్తే వెలిగించు అని రాశాను గాని, లేకపోతే ఆర్పు అని, ఎల్స్ అనే మాట పెట్టి రాయలేదు. మన ఇళ్ళలో వానొస్తే వడియాలు తీసెయ్యి అని చెప్తాం గాని, రాకపోతే తియ్యకు అని ఎవరైనా చెప్తామా? ఆ భాషకి అది కూడా చెప్పాలి. చెప్పకపోతే, నన్నెవరూ ఆరమనలేదు, చివరిసారి ఎలా ఉన్నానో అలాగే ఉంటాను అని కూర్చుంటుంది. ఆ పసుపు గొణుగుడు అదేనట. అప్పటికి నాకు ఇదేమీ తెలీదు. తెలిసినదల్లా, గది పోయింది, పరువూ పోయింది, సాయంత్రానికి మా అత్తగారి అరుగు దాకా ఈ వార్త వెళ్ళిపోతుంది.

అప్పుడు గుమ్మం దగ్గర్నుంచి మా తోటికోడలు ముందుకొచ్చింది. నేను కళ్ళు మూసుకున్నంత పని చేశాను. ఆవిడ ఆ పెద్దాయనతో చాలా మామూలుగా, మేడమ్ కావాలనే అలా పెట్టారండీ, కొత్తలో పిల్లలందరూ చేసే తప్పు ఇదే, ముందు తప్పు చూపించి, తర్వాత సరిచేసి చూపించడం మేడమ్ పద్ధతి అంది. అంటూనే కుర్చీ సర్దే వంకతో నా చెవి దగ్గరికి వంగి, “ఎల్స్ ఎయ్యలేదక్కా, ఎల్స్ ఎయ్యి” అంది. వేశాను. కంప్యూటరు తాపీగా నమిలి కిట్టులోకి ఎక్కించేలోగా, ఆవిడ వాళ్ళకి అవీ ఇవీ చెప్పి నిలబెట్టింది. ఈసారి పెద్దాయన స్విచ్చు దించగానే దీపం బుద్ధిగా ఆరింది. ఆయన మొట్టమొదటిసారి నవ్వి, తప్పుతో మొదలుపెట్టి పాఠం చెప్పేవాళ్ళని చూడటం అరుదు అని ప్రిన్సిపాల్ గారితో అన్నారు. గది నాకు ఇచ్చారు.

ఆ మధ్యాహ్నం కేరేజీ విప్పితే పనసపొట్టు కూర. ఆవిడ కూరలో ఎక్కువ భాగం నా కంచంలోకి తోసింది. అది చూసి నాకు మరీ మండింది. తెలివి ఉందని ఇన్నాళ్ళూ ఏడ్చాను, సరే, తెలివి ఆవిడది అనుకున్నాను. ఇప్పుడు మంచితనం కూడా ఆవిడదే అయిపోయింది. ఇంక నాకేం మిగిల్చింది? ఒక్క మాట అని నా పరువు తీసి ఉంటే హాయిగా జన్మంతా తిట్టుకునేదాన్ని. ఆ సుఖం కూడా లేకుండా చేసింది. గది తాళాలు నా బొడ్లో ఉన్నా, గుమ్మం దాటిన ప్రతిసారీ ఇది ఆవిడ పెట్టిన భిక్షే అని గుచ్చుకునేది. థాంక్స్ చెప్పలేదు.

కొన్నాళ్ళకి మా మరిదికి బదిలీ అయి వాళ్ళు విశాఖపట్నం వెళ్ళిపోయారు, ఆవిడ అక్కడ ఇంకో కాలేజీలో చేరింది. కేరేజీ చిన్నదైపోయింది. నేను ఆ గదిలోనే రిటైరయ్యేదాకా పనిచేశాను. ప్రతి ఏడూ కొత్త పిల్లలకి ఆరని దీపాన్నే ముందు చూపించి, తర్వాత ఎల్స్ వేసి ఆర్పేదాన్ని, నా పద్ధతి కదా మరి! మంచి పేరే వచ్చింది. ఒక్క శాలువా మాత్రం రాలేదు.

ఇదంతా మనసులో సుళ్ళు తిరిగి, ఆ ఆదివారం మధ్యాహ్నం ఉండబట్టలేక ఆవిడకి ఫోను చేశాను. చీర బాగుందన్నాను. పిల్లల సంగతులు, బీపీ మాత్రల సంగతులు అయ్యాయి. చివరికి అడిగేశాను, ఆ రోజు ఎందుకలా చెప్పావు, నీకు ఆ గది అక్కర్లేకపోయిందా అని. ఇన్నేళ్ళూ నేను అనుకున్నది అదే. చదువుకున్నది, ఎక్కడికెళ్ళినా ఉద్యోగం దొరుకుతుంది, ఈ గది ఆవిడకొక లెక్కా, అక్కర్లేనిది నాకు పారేసింది అని. ఆవిడ మొదట నవ్వింది. తర్వాత చెప్పింది.

“నాకూ కావాలనే ఉండీదక్కా. సానా కావాలనే ఉండీది. ఆ రాత్రి మీ మరిది కాడ ఏడిసినాను కూడా. నువ్వు ప్రిన్సిపాల్ గారిని అడిగీసినావు, నేను అడగలేదు. అంతే గదా,” అని, ఆ వెంటనే, “అది సరే గాని, మోకాళ్ళకి ఏటి రాస్తన్నావు?” అంది.

ఏదో నూనె పేరు చెప్పి ఫోను పెట్టేశాను. అలాంటి మాట వింటే మనిషన్నవాళ్ళకి జాలి కలగాలి. నాకు కలగలేదు. నిలువెల్లా అసూయే కలిగింది. నేను దేవుడి దగ్గరికి వెళ్ళి మరీ మొక్కుకున్న గదిని, నా అంతగానూ కావాలనుకున్న ఆ మనిషి తీసి నా చేతిలో పెట్టి, పక్కన కూర్చుని కూర వడ్డించింది. అది నాకు ఈ జన్మలో చేతనయ్యే పని కాదు.

ఆ గది ఇప్పుడు లేదట. మా కాలేజీలో పనిచేసే ఒక కుర్ర లెక్చరరు చెప్పింది. పిల్లలకి ఎవరి లాప్‌టాపు వాళ్ళకి ఉంది, కావలసిన గేటు ఇదీ అని మామూలు మాటల్లో అడిగితే ఆ వరసలు కూడా యంత్రమే రాసి ఇస్తోందట, లెక్చరర్లు ఎవరి క్లాసు వాళ్ళు చెప్పుకుని ఎవరి బండి మీద వాళ్ళు వెళ్ళిపోతారట. పక్కవాళ్ళు ఏం చేస్తున్నారో కూడా తెలీదంది, అది గొప్ప సుఖం అన్నట్టుగా. సుఖమే, కాదనను. ఒకరు వదులుకుంటే తప్ప ఇంకొకరికి దక్కనిది అక్కడ ఏదీ మిగల్లేదు. పోట్లాడుకోవడానికి గది లేదు, ఇచ్చెయ్యడానికీ గది లేదు. వాళ్ళకి మా తోటికోడలి లాంటి మనిషి తగిలే వీలే లేదు, పాపం. తగిలిన నేను ఇన్నేళ్ళూ ఆవిణ్ణి చూసి ఏడుస్తూనే ఉన్నాను, ఉన్నన్నాళ్ళూ ఏడుస్తాను కూడా.